తాటాకు కాదు, కాగితం

పోయిన నెల అప్ప పెద్దకర్మ భోజనాల్లో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "అదృష్టవంతురాలండీ. తాతల నాటి తాటాకు పుస్తకం ఆవిడతోటే గంగలో కలిసింది. ఎవలికి దక్కుతాది అలాటి యోగం!" అన్నాడు. ఎదుటి వరసలో ఆడవాళ్ళు తలలూపారు. ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుంది.

నేను ముద్ద మింగి ఊరుకున్నాను.

నన్నెరిగినవాళ్ళు ఈ మాట నమ్మరు. గుడి మైకులో పూజారి శ్లోకంలో ఒక పాదం ఎగరగొడితే లేచి నిలబడి అడిగినవాణ్ణి నేను. మా తెలుగు సంఘం వాళ్ళు ఆహ్వాన పత్రికలో దేవుడి పేరుకన్నా దాత పేరు పెద్ద అక్షరాల్లో వేస్తే, ఆ పత్రికను వాళ్ళ గుమ్మంలోనే చింపి వచ్చాను. ఎనభై దగ్గర పడుతున్నా నా నోటికి గడియ పడలేదు. అలాంటివాణ్ణి ఆ రోజు చారు పోయించుకున్నాను, మజ్జిగ పోయించుకున్నాను, చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చాను. మజ్జిగ పోసినవాడు అప్ప మరిది కొడుకు. అతను నా విస్తరి ముందు వంగినప్పుడు, చాలు నాయనా అని మాత్రం అన్నాను.

ఎందుకో తరవాత చెబుతాను. ముందు చెప్పవలసింది ఇది. అది తాటాకు కాదు, కాగితం. తాతల నాటిది అంతకన్నా కాదు. ఆ పుస్తకం పుట్టిన గదిలో నేనున్నాను.

మా శ్రీకాకుళం వైపు వాళ్ళకు అప్ప అంటే అక్క. ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా అప్పా అనే పిలిచేవారు. నడుముకు బర్మా లుంగీ, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, బుగ్గల మీద ఇక్కడ రంగూనులో ఆడవాళ్ళు రాసుకునే బెరడు గంధం, దవడలో కిళ్ళీ. మొహమాటం అన్నది ఆవిడ ఒంట్లో లేదు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోంచే, "టీ ఎట్టే గుంటా. పాలడబ్బా బాగా ఒంపు, పిసినారితనం సెయ్యకు" అనేది. పెళ్ళి భోజనాల్లో రెండో అరిసె అడిగి వేయించుకునేది, మూడోది సంచిలో వేయించుకునేది. "ఇంకొంచెం వెయ్యమంటారా అప్పా?" అని ఎవరైనా అంటే, "అడగడమేటి, ఎయ్యి!" అనేది. కావాలంటే కావాలి, ఒద్దంటే ఒద్దు. ఇది గుర్తుంచుకోండి. ఆవిడకు జరిగిన అన్యాయమంతా ఇక్కడే ఉంది.

ఆవిడకు ఇంకొక అలవాటు ఉండేది. ఏదైనా అపురూపమైనది కంటపడితే ఊపిరి బిగబట్టేది. పెదాలు మూసుకుని, బుగ్గలు కొంచెం పొంగించి, కళ్ళు మాత్రం తిప్పుతూ అలా నిలబడిపోయేది. పక్కింటివాళ్ళు పసిగుడ్డును తెచ్చి చూపించినా అంతే, ఎవరైనా కొత్త పట్టుచీర విప్పినా అంతే. చూసేవాళ్ళకు నవ్వొచ్చేది. ఆ అలవాటు ఎక్కడ నుంచి వచ్చిందో తెలిసినవాళ్ళం ముగ్గురం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

రంగూను లమ్మడా పేటలో ఒక పాత మేడ పై అంతస్తులో మా ప్రెస్సు ఉండేది. కింద ఉల్లిపాయల టోకు కొట్టు. నేను అక్కడ అక్షరాలు కూర్చేవాణ్ణి. బడి గడప తొక్కినవాణ్ణి కాను, సీసం అక్షరాలే నాకు చదువు చెప్పాయి. పెళ్ళి పత్రికలు, కొట్ల చీటీలు, నాటకాల నోటీసులు వేసుకుని బతికే ప్రెస్సు అది. యజమాని ఒకసారి స్తోత్రాలూ కీర్తనలూ కలిపి ఒక పుస్తకం అచ్చేస్తే ఒక్కటీ అమ్ముడు పోలేదు. ఆయన దిగాలుపడి, "మనోళ్ళు అచ్చు పుస్తకానికి దండం ఎట్టరయ్యా. బడి పుస్తకం అనుకుంటారు. తాటాకైతే పీట మీదెట్టి పూజ సేస్తారు" అన్నాడు. అని, ఆలోచించి, ఆ కీర్తనలనే తాటాకులా అచ్చేయడం మొదలుపెట్టాడు.

జానెడున్నర పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు అట్టలాంటి కాగితం. దాన్ని టీ డికాక్షన్‌లో పసుపు కలిపి ముంచి ఆరబెట్టేవాళ్ళం. తాటాకుకు తాడు దూర్చే చిల్లు ఉంటుందిగా, ఆ చోట ఒక నల్ల చుట్టు అచ్చు వేసేవాళ్ళం. కీర్తన మొదటి అక్షరం వేయకుండా జాగా వదిలేవాణ్ణి. అచ్చయిన ఆకులు వెనక గదిలోకి వెళ్ళేవి. అక్కడ పొట్టి బల్లకు చెరో వైపున అప్పా, ఆవిడ చెల్లెలూ కూర్చుని ఉండేవారు. వదిలేసిన జాగాలో ఆ మొదటి అక్షరాన్ని ఎర్రటి ఇంగిలీకంతో పెద్దగా దించేవారు. దాని చుట్టూ, ఇక్కడి పగోడాల్లో విగ్రహాలకు అంటించే బంగారు రేకు అంటించేవారు. రెండు అంచులా ఒక పూలతీగ. కుడి అంచు తీగ అప్పది, ఎడమ అంచు తీగ చెల్లెలిది. రెండూ పైకి పాకి మధ్యలో కలవాలి. అప్ప తీగ బిగుసుకుని నిటారుగా వెళ్ళేది. చెల్లెలి తీగ దారిలో రెండు చోట్ల ఒళ్ళు విరుచుకునేది. అందుకని ఆ రెండూ ఎప్పుడూ సరిగ్గా కలిసేవి కావు. ఇద్దరికీ చదువు రాదు. నేను కాగితమ్ముక్క మీద రాసిచ్చిన అక్షరాన్ని చూసి బొమ్మలాగే దించేవారు.

బంగారు రేకు ఎంత పల్చనంటే ఎదురుగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. పంకా ఆపేసి, కిటికీ మూసేసి, ఉల్లిపాయల ఘాటులో చెమటలు కక్కుతూ అప్ప ఊపిరి బిగబట్టి రేకు ఎత్తేది. సరిగ్గా అప్పుడే చెల్లెలు తల ఎత్తకుండా, "అప్పా, యజమాని పంచి ఎనకాల సిరిగింది, సూసినావా?" అనేది. అప్ప పక్కున నవ్వేది, రేకు ఎగిరి ఆవిడ కనుబొమ మీదే అతుక్కునేది.

"నీ నోరు పడ! బంగారం పోనాదే!"

"పోనేదప్పా, నీ మొకానికే ఎక్కింది. అద్దంలో సూసుకో, అమ్మోరిలా ఉన్నావు."

ఆ చెల్లెలే ఎడమ తీగలో, ప్రతి పుస్తకంలోనూ ఏదో ఒక ఆకు మీద, ఒక చీమను గీసేది. నల్లగా, ఆవగింజకన్నా చిన్నది. అప్ప దాన్ని పట్టుకుని తిట్టేది. "దేవుడి పుస్తకంలో సీమేటే?" "సీమకి దేవుడొద్దేటి?" అనేది చెల్లెలు. రేపటి పుస్తకంలో మళ్ళీ చీమ.

పుస్తకాలు చెక్కల మధ్య కట్టి అమ్మితే నిలవలేదు. అంత బాగా అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళు ఏం చేశారో తెలుసా? మేము అచ్చు వేసిన నల్ల చుట్టులో మేకు కాల్చి చిల్లు పొడిచి, తాడు దూర్చి, దేవుడి మూల వేలాడదీశారు. అది చూసి యజమాని మురిసిపోయాడు. నాకు మాత్రం అప్పుడే ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. ఎందుకంటే తాటాకు పుస్తకానికి మావాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఆ పుస్తకం చదివించుకున్న పెద్ద పోతే అది మరొకరి చేతికి వెళ్ళకూడదు. అస్థికలతో పాటు నదిలో వదలాలి. తాతలు ఓడల మీద వచ్చినప్పుడు ఆ ఆచారం కూడా వెంట తెచ్చుకున్నారు. మా కాగితం పుస్తకాలకు కూడా అదే మర్యాద మొదలైంది. మనిషి పోయిన ఇంటి నుంచి ఒకటి నీళ్ళలోకి, కొత్త కాపురానికి ఒకటి మా ప్రెస్సు నుంచి. అలా కొన్నాళ్ళు బాగానే నడిచింది. మా ఇంటి పుస్తకం మా అమ్మతో పోయింది. మరొకటి రాదని ఎవరనుకున్నారు?

తరవాత ఇక్కడి సర్కారు కొట్లూ వ్యాపారాలూ స్వాధీనం చేసుకుంది, ఇండియాకు తీసుకుపోయే ఓడలొచ్చాయి. మావాళ్ళు వేలకు వేలు సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయిన రోజులవి. చెల్లెలి మొగుడికి రేవులో పని పోయింది. వెళ్ళే రోజు పొద్దున కూడా ఆ పిల్ల వచ్చి బల్ల ముందు కూర్చుని ఒక కట్టకు ఎడమ తీగ వేసి లేచింది. "కుడిది నువ్వెయ్యి అప్పా. నాను ఎల్లొస్తాను" అంది. అప్ప ఊపిరి బిగబట్టి కూర్చుంది. మెట్ల మీద చప్పుడు ఆగిపోయాక వదిలింది.

ఇద్దరికీ రాయడం రాదు. ఉత్తరం ఎవరు రాస్తారు? మొదట్లో విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ళెవరో బాగానే ఉందన్నారు. తరవాత ఎవరూ ఏమీ అనలేదు. ఫోటో కూడా లేదు. ప్రెస్సు మూతపడింది. సీసం తూకానికి పోయింది. చెల్లెలి చెయ్యి అనేది ఈ లోకంలో మిగిలి ఉంటే, ఇళ్ళ దేవుడి మూలల్లో వేలాడుతున్న ఆ పుస్తకాల్లోనే మిగిలింది. అవేమో ఒక్కొక్క చావుకీ ఒక్కొక్కటిగా నదిలోకి పోతున్నాయి.

అప్పటి నుంచి అప్పకు ఒకటే పని. ఏ ఇంట్లో పెద్దవాళ్ళు మంచం పట్టారని తెలిసినా అక్కడికి వెళ్ళడం, ఆ పుస్తకం తనకివ్వమని అడగడం. నన్నూ వెంట తీసుకెళ్ళేది, సాక్ష్యానికి. ఒక మధ్యాహ్నం బోటాటౌంగ్‌లో గోదాముల వెనక ఒక ఇంటికి వెళ్ళాం. ముసలాయన అప్పటికే పోయాడు. కొడుకు పుస్తకాన్ని పసుపు గుడ్డలో చుడుతున్నాడు.

"నాకిచ్చీయిరా బాబూ" అంది అప్ప. "మీ నాన్న పేరు సెప్పుకుని దాసుకుంటాను."

"అదేటప్పా, ఇది మా తాత ఓడలో తెచ్చినాడు. మూడు తరాల తాటాకు."

"మీ తాత తెచ్చింది ఎండుసేపల మూట. ఇది లమ్మడాలో పుట్టింది. ఈ బంగారం నాను ఎట్టినాను. ఈ సీమ నా సెల్లిది."

ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పాపం, అప్పకి మతి తప్పింది" అన్నారెవరో. "ఇంత పాత పుస్తకం ఈవిడ ఎలాగ సేస్తాది?"

"పాతదేటిరా! నాను బతికే ఉన్నాను గదా!"

నేను అడ్డం వెళ్ళి, ఆ అక్షరాలు కూర్చింది నేనేనని అరిచాను. "ఇద్దరు ముసిలోళ్ళకీ ఒకటే రోగం" అని నవ్వారు. ఒక ఆకు వంచి చూడమన్నాను. తాటాకైతే విరుగుతుంది, కాగితమైతే వంగుతుంది. "దేవుడి పుస్తకం ఇరుస్తావా?" అని మీదికొచ్చారు. మేము ఇద్దరం మెట్లు దిగి వచ్చేశాం. కిందికొచ్చాక అప్ప అంది, "ఒరే తమ్ముడూ, మనం ఇంత బాగా సెయ్యకుండా ఉండాల్సింది." నాకు ఆ మాట ఇప్పటికీ నిద్రపట్టనివ్వదు. పని చెడగొట్టినవాళ్ళు సుఖంగా పోయారు. బాగా చేసిన మనిషి గుమ్మం గుమ్మంలో పిచ్చిదనిపించుకుంది.

చివరికి ఒకటి దొరికింది, నాలుగేళ్ళ కిందట. నది అవతల దలాలో ఒక ఇంట్లో అలాంటిది ఉందని కూరలమ్మే ఆవిడ చెబితే ఫెర్రీ ఎక్కి వెళ్ళాం. ఆ ఇంటి మగవాళ్ళు మా వైపు వాళ్ళే, కానీ తెలుగు మాట్లాడేవాళ్ళు అందరూ పోయారు. ఉన్నది బర్మా కోడలు. ఆమె పుస్తకాన్ని కిందకు దించి, దుమ్ము దులిపి, వెలుగుకెత్తి పట్టి చూసి, "ఇది కాగితం కదా?" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట అన్నది ఆ పిల్ల ఒక్కతే. అప్ప ఊపిరి బిగబట్టింది. ఎంతసేపటికీ వదలకపోతే భయపడి భుజం తట్టాను. "మీకు కావాలంటే తీసుకోండి" అంది కోడలు. అప్ప ఆ పిల్ల రెండు బుగ్గలూ పుణికి, బర్మాలో తనకు తెలిసిన దీవెనలన్నీ ఇచ్చి, వెంటనే టీ అడిగింది.

తిరిగొచ్చేటప్పుడు ఫెర్రీ బల్ల మీదే కూర్చుని నా భూతద్దంతో వెతికింది. నది గాలికి ఆకులు రెపరెపలాడుతుంటే మోకాళ్ళ మధ్య నొక్కి పట్టుకుని ఒక్కొక్కటే తిప్పింది. దొరికాక నాకు చూపించింది. "ఇదిగో, మా గుంట" అంది. చీమ ఎడమ తీగ మలుపులో, ఆకు చాటున, ఎవరికీ కనపడకుండా పైకి ఎక్కుతోంది. ఏడుస్తుందనుకున్నాను. "ఇప్పుడు తిట్టలేను గదా దీన్ని" అని నవ్వింది.

ఆ రోజు నుంచి అందరికీ ఒకటే చెప్పేది. నాకు, సంఘం పెద్దలకు, పాలవాడికి, తనను చూసుకుంటున్న మరిది కొడుక్కి. "నాను పోతే ఇది నాతో ఎట్టకండి. నాకొద్దు. ఇది ఉండాల. మేం ఇద్దరం ఒక్కకాడ ఉన్నది ఇందులోనే. ఇంకెక్కడా లేం."

ఆ మరిది కొడుకు మంచివాడు. టాక్సీ నడుపుతాడు, నలభై దాటాడు. వాళ్ళమ్మ బర్మా మనిషి. తెలుగు అర్థమవుతుంది, తడుముకుంటూ మాట్లాడతాడు. చదవడం రాదు. పెద్దమ్మను పదేళ్ళు తన ఇంట్లో ఉంచుకుని కళ్ళలో పెట్టుకు చూశాడు. పోయిన నెల ఒక ఉదయం ఆవిడ టీ అడిగింది. అతను పెట్టి తెచ్చేసరికి ప్రాణం లేదు.

అస్థికలు కలిపే రోజు నేను వెళ్ళేసరికి పుస్తకం పసుపు గుడ్డలో ఉంది. దాన్ని నీళ్ళలో వదలొద్దని మొదలుపెట్టాను. గొంతు చించుకున్నాను. సంఘం పెద్దలు నన్ను పక్కకు కూర్చోబెట్టారు. చివరికి ఆ అబ్బాయి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మావా, పెద్దమ్మ ఆనా పడింది. అంతే."

ఇక్కడి మనుషులకు ఆనా అని ఒక మాట ఉంది. ఎదుటివాళ్ళకు శ్రమ ఇవ్వకూడదని కావలసినదాన్ని కూడా ఒద్దనడం. ఈ దేశంలో పెద్దవాళ్ళు ఒకసారి ఒద్దంటే, ఆ ఒద్దును పక్కనపెట్టి చేయడమే మర్యాద.

"ఆవిడకు ఆనా ఏమిటిరా!" అన్నాను. "మూడో అరిసె అడిగి పట్టుకెళ్ళే మనిషి! ఒద్దంటే ఒద్దనే!"

"తిండికి ఆనా పడదు మావా. ఇంత గొప్పదానికి పడతాది." అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకు తెలుగు సరిగా రాదు. మంత్రం రాదు. పుల్లలు ఏ ఏపు పేర్చాలో కూడా ఆళ్ళు చెప్తే చేసినాను. ఇదొక్కటి సరిగా చెయ్యనీ మావా. పెద్దమ్మకి ఒక్కటి సరిగా చెయ్యనీ."

నేను లేచి కండువా భుజాన వేసుకున్నాను.

బోటాటౌంగ్ రేవు నుంచి పడవ మీద వెళ్ళాం, అస్థికల కుండ అతని ఒడిలో, పుస్తకం నా ఒడిలో. నది మధ్య వరకూ నన్ను పట్టుకోనిమ్మని అడిగాను, సరేనన్నాడు. గుడ్డ విప్పి ఆకులు తిప్పాను. గాలి వేస్తోంది. బంగారం ఇంకా మెరుస్తోంది. నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. నా కళ్ళకు చీమ ఆనలేదు, భూతద్దం తేలేదు. వేలితో ఎడమ తీగ పొడుగునా తడిమాను. ఎక్కడో అక్కడ నా వేలి కింద ఉండే ఉంటుంది.

అతను కుండ వదిలి, నా దగ్గర నుంచి పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, నుదుటికి తాకించుకుని నీళ్ళలో పెట్టాడు. తాడు తెగి ఆకులు పరుచుకున్నాయి. కాసేపు తేలాయి. తరవాత ఒక్కొక్కటీ నీళ్ళు పీల్చుకుని, మెత్తబడి, అంచులు చుట్టుకోవడం మొదలెట్టాయి. ఇంగిలీకం కరిగి నీళ్ళు కొంచెం ఎర్రబడ్డాయి.

అతను అలాగే వంగి చూస్తున్నాడు. చూసి చూసి నా వైపు తిరిగాడు. మొహంలో నెత్తురు లేదు.

"మావా, తాటాకు నానితే ఇలగ అవుతాదా? ఇది కాగితంలాగ..."

పడవవాడు తెడ్డు ఆపాడు. ఇన్నేళ్ళుగా ఇంటింటికీ వెళ్ళి మేము అరిచిన మాట, మనవాళ్ళలో ఎవరో ఒకరు అంటే చాలునని అప్ప చచ్చేదాకా ఎదురుచూసిన మాట, అతని నోటి చివర వేలాడుతోంది. ఔనంటే చాలు.

"పాత తాటాకు నాయనా," అన్నాను. "బాగా పాతబడితే ఇలాగే అవుతుంది. నువ్వు సరిగానే చేశావు."

అతను నా మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

అందుకని ఆ రోజు భోజనాల్లో ముద్ద మింగి ఊరుకున్నాను. అతను మజ్జిగ పోస్తున్నాడు. ఆ మాట నోటితో ఇక ఎప్పుడూ అనలేను కనక ఇక్కడ రాస్తున్నాను. అది తాటాకు కాదు, కాగితం. రంగూనులో, లమ్మడాలో, ఉల్లిపాయల కొట్టు మీద అచ్చయింది. కుడి అంచు తీగ అప్పది. ఎడమ అంచు తీగ ఆవిడ చెల్లెలిది. ఆ తీగలో ఒక చీమ ఉంది.

అతనికి తెలుగు చదవడం రాదు. ఇది చదివినవాళ్ళెవరూ అతనికి చదివి వినిపించకండి.